పిన్ని లేచిపోయిందట

గది నంబరు పదకొండు, కింది అంతస్తు,
విశ్రాంతి గృహం అని బోర్డు పెట్టుకున్న చోటు
సోమవారం

డిక్షనరీకి,

ఆశీస్సులు ఈసారి లేవు. కోపం తగ్గాక విడిగా పంపుతాను. నేనిక్కడ క్షేమం అని రాస్తే అబద్ధం అవుతుంది, కాబట్టి అదీ రాయను.

నీతో ఒక పని పడింది. ఇంగ్లీషు మాటలకి తెలుగు అర్థాలు రాసే ఉద్యోగం కదా నీది, ఒక్క మాటకి అర్థం చెప్పు. నిన్న పొద్దున నర్సు వచ్చి నా చేతికి పసుప్పచ్చ పట్టీ ఒకటి కట్టింది. కత్తిరిస్తే తప్ప ఊడదు. దాని మీద ఇంగ్లీషులో ఏదో ఉంది. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుంటే 'ఎలోప్‌మెంట్ రిస్క్' అని వచ్చింది. రిస్కంటే నాకు తెలుసు. మొదటిదేంటమ్మా అని అడిగితే, "ఏం లేదు మామ్మగారూ, ఊరికే" అని నవ్వింది. ఊరికే చేతికి పట్టీలు కడతారా ఎవరైనా?

పక్క గదిలో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఉన్నాడు. వెళ్ళి చెయ్యి చూపించాను. ఆయన చదివి, వరండాలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి, "మీరు లేచిపోతారేమోనని వీళ్ళ భయమండీ" అన్నాడు. ఎవరితో అని అడిగాను. ఆయన తలుపేసుకున్నాడు.

అరవై దాటినదాన్ని. తుంటి ఎముక విరిగి చేతికర్ర పట్టుకుని నడుస్తున్నదాన్ని. మంచం మీంచి లేవడానికే అవస్థ పడతాను, ఇక లేచిపోవడమా? మీ బాబాయి బతికున్న రోజుల్లోనే ఆ పని చెయ్యలేదు. చేసుంటే బాగుండేదని చాలాసార్లు అనిపించింది, అది వేరే సంగతి.

జరిగింది ఇంతే. పోయిన గురువారం పొద్దున నేను బయటికి వెళ్ళాను. సాయంత్రం నన్ను వెతికి పట్టుకొచ్చారు. దానికి ఈ సన్మానం.

ఫోన్ చేసి అడగొచ్చు కదా అనకు. నా సీట్లు కుట్టే షాపు గురించి వచ్చే ఫోన్లతో నాకు విశ్రాంతి ఉండటం లేదని నీ తమ్ముడు నా ఫోన్ పట్టుకుపోయాడు. నా కడుపున పుట్టినవాడే, కానీ ప్రస్తుతానికి నీ తమ్ముడే. ఆసుపత్రి నుంచి సరాసరి ఇక్కడికి తెచ్చి, ఒక్క నెల ఉండమ్మా అన్నాడు. ఇది మూడో నెల. ఈ ఉత్తరం బట్టలు ఉతికే ఆవిడ పోస్టు చేస్తుంది. జవాబు త్వరగా రాయి.

నీ పిన్ని


నిఘంటువు కార్యాలయం, మూడో అంతస్తు,
కిటికీ పక్క బల్ల
శుక్రవారం

పిన్నీ,

నీ కోపం కవరు చించకముందే తెలిసింది. తపాలా బిళ్ళ తలకిందులుగా అంటించావు. ఆఫీసులో నీ ఉత్తరం గట్టిగా చదివాను, మాస్టారు తలుపేసుకున్న చోట మా పెద్దాయన కూడా నవ్వాడు.

నువ్వడిగిన మాట చాలా మంచి మాట. పుట్టుక కచ్చితంగా ఎవరూ తేల్చలేదు. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కోర్టుల్లో ఒక రకం ఫ్రెంచి రాసేవారు, అందులోంచి వచ్చింది. దాని వెనక పరుగెత్తడం అనే డచ్చి మాట ఉందని కొందరంటారు, గెంతడం అనే పాత ఇంగ్లీషు మాట ఉందని మరికొందరు. మొదట్లో ప్రేమికులకీ దీనికీ సంబంధమే లేదు. మొగుణ్ణి విడిచి ఇంకొకడి దగ్గరికి పోయిన పెళ్ళాం గురించి వాడే మాట ఇది. అలా పోయిందని కోర్టులో తేలిందంటే, మొగుడు చచ్చాక అతని భూమిలో ఆవిడకి రావలసిన వాటా పోయినట్టే.

తర్వాత పత్రికలు వచ్చాయి. మొగుళ్ళు ప్రకటనలు వేయించేవారు. నా భార్య నా ఇల్లూ పడకా వదిలి పోయింది, ఆవిడకి ఎవరూ అరువివ్వకండి, ఇస్తే నాకు సంబంధం లేదు అని. అక్కడ కూడా ఇదే మాట. కొందరు ఆడవాళ్ళు ఊరుకోలేదు, ఎదురు ప్రకటనలు వేసి ఆ ఇంట్లో తిండి ఎలా ఉండేదో, దెబ్బలు ఎలా ఉండేవో ఊరంతటికీ చెప్పారు. ఆ తర్వాతే ఈ మాట పెద్దవాళ్ళకి తెలియకుండా పెళ్ళి చేసుకునే జంటల చేతికి వచ్చి కాస్త అందంగా తయారైంది. మరో పక్క పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలోకి దూరింది. చెప్పకుండా పోయిన రోగి పేరు పక్కన ఇదే రాసేవారు. అక్కణ్ణుంచి మామూలు ఆసుపత్రులకీ, నువ్వున్నలాంటి చోట్లకీ వచ్చింది. దారి తెలియక ఎటో వెళ్ళిపోయే పెద్దవాళ్ళకి వాడతారు.

మన మాట కూడా తక్కువది కాదు. ఫలానా వాళ్ళ అమ్మాయి లేచిపోయింది అంటాం. అబ్బాయి కూడా పోయే ఉంటాడు కదా, అయినా వాడి ఊసు రెండో వాక్యంలో గాని రాదు.

సిగ్గుపడాల్సిన సంగతి ఒకటి. మా నిఘంటువులో దీనికి 'లేచిపోవు' అని ఒక్కటే అర్థం ఇచ్చాను. ఆసుపత్రి అర్థం ఇవ్వలేదు. నీ పుణ్యమా అని ఆ లోపం బయటపడింది, వచ్చే ముద్రణలో చేరుస్తాం.

పట్టీ గురించి మనసు పాడుచేసుకోకు. అది వాళ్ళ పద్ధతి. నీ మంచికే కదా.

నీ డిక్షనరీ


గది నంబరు పదకొండు
బుధవారం

నిఘంటువు కార్యాలయం వారికి,

ఇకమీదట ఇలాగే పిలుస్తాను. పిన్నికీ కూతురికీ మధ్య ఉత్తరం కాదు నువ్వు రాసింది.

రెండు కాగితాలు, అటూ ఇటూ, సన్నటి అక్షరాలతో నింపావు. మొదటి వరస నుంచి చివరి వరస దాకా రెండుసార్లు వెతికాను. డచ్చివాళ్ళున్నారు, ఫ్రెంచివాళ్ళున్నారు, ఎప్పుడో చచ్చిపోయిన మొగుళ్ళున్నారు. 'పిన్నీ, గురువారం నువ్వు ఎక్కడికెళ్ళావు' అన్న ముక్క మాత్రం లేదు. పెళ్ళాం పోయిందని పేపర్లో వేయించిన ఆ మొగుళ్ళలో ఒక్కడైనా, ఎందుకు పోయిందో రాశాడా? రాయడు. వాడికి పోయిందన్నది చాలు. నీకూ అదే చాలింది. పైగా నా వల్ల మీ పుస్తకంలో లోపం బయటపడిందా? చాలా సంతోషం. నా బతుకులో లోపం పడితే పడనీ, మీ పుస్తకం బాగుపడింది.

చిన్నప్పుడు కూడా ఇంతే నువ్వు. మీ అమ్మకి జ్వరం వస్తే జ్వరాలు ఎన్ని రకాలో చదువుతూ కూర్చున్నావు. మాత్రలు నేను తెచ్చాను.

ఇప్పుడు అసలు సంగతి. నీ తమ్ముడు నిన్న వచ్చాడు. పళ్ళు తెచ్చాడు, కోసి పెట్టాడు, నా ముఖంలోకి చూడలేదు. వచ్చే సోమవారం డాక్టరు వస్తాడట, ఆయన సరేనంటే నన్ను పై అంతస్తుకి మారుస్తారట. ఆ పై అంతస్తు నేను చూశాను. అంకెలు నొక్కితే గాని తెరుచుకోని తలుపు. నాలుగు వేళ్ళు దూరేంత తెరుచుకునే కిటికీలు. ఒకావిడ రోజంతా ఆ తలుపు పిడి పట్టుకుని నిలబడే ఉంటుంది, భోజనానికి వేళ్ళు విడిపించి తీసుకెళతారు. నా వేళ్ళు కూడా అలా విడిపించాల్సి వస్తుంది. నాకు తెలుసు, ఎందుకంటే నేను వదలను.

ఎవర్నడిగి ఈ నిర్ణయం చేశావురా అంటే, "అక్క కూడా సరే అందమ్మా" అన్నాడు.

అక్క అంటే నువ్వే. నా ఉత్తరం వచ్చేనాటికే నీకంతా తెలుసు. తెలిసే నాకు డచ్చి మాటలు పంపావు. ఇంకేం రాయను.

పిన్ని


నిఘంటువు కార్యాలయం
శుక్రవారం

పిన్నీ,

అవును. వాడు ఫోన్ చేశాడు. "అమ్మ ఎటో వెళ్ళిపోయింది, దొరికింది, పై అంతస్తైతే భద్రం అంటున్నారు, ఏమంటావు" అన్నాడు. నా ముందు దిద్దాల్సిన ప్రూఫులున్నాయి, పెన్ను చేతిలో ఉంది. నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యరా అన్నాను. అంత తేలిగ్గా అనేశాను. నీ ఉత్తరం వచ్చాక ఆ సంగతి రాయడానికి ధైర్యం చాల్లేదు, అందుకే డచ్చివాళ్ళని పిలిచాను.

వాడి మీద ఒళ్ళు మండిపోతోంది. నా మీద అంతకంటే ఎక్కువ. క్షమించమని అడగను, అడిగితే నువ్వింకా తిడతావు.

ఎక్కడికెళ్ళావు పిన్నీ? ఎందుకెళ్ళావు? వెళ్ళేముందు ఎవరికీ చెప్పలేదా? అన్నీ రాయి. ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను, జవాబుకి కూడా డబ్బు కట్టాను, ఆ మనిషి గేటు దగ్గర ఆగుతాడు.

నేను


గది నంబరు పదకొండు
శనివారం

అమ్మాయ్,

ఇప్పుడడిగావు. బయట కొరియరు మనిషి వాచీ చూసుకుంటున్నాడు, చూసుకోనీ.

ఇక్కడి మగవాళ్ళకి వారం వారం జుట్టు కత్తిరించడానికి సెలూనతను వస్తాడు. నా షాపు వీధిలోనే అతని సెలూను. నన్ను సీట్లమ్మా అంటాడు. నేను పడిపోవడానికి ముందురోజు తన సెలూను కుర్చీ సీటూ వీపూ విప్పి తెచ్చి నాకిచ్చాడు, స్పాంజి మార్చి కొత్త రెక్సిన్ కుట్టమని. ఉన్నవే రెండు కుర్చీలు. మర్నాడు నేను పడ్డాను, నీ తమ్ముడు షాపుకి తాళం వేశాడు. సెలూనతను వెళ్ళి అడిగితే, అమ్మ ఇక పని చెయ్యదు, ఇంకెక్కడైనా కుట్టించుకోండి అన్నాడట. వస్తువు లోపలుంటే ఇంకెక్కడ కుట్టిస్తాడు? తలుపు తియ్యడానికి మాత్రం రేపూ మాపూ అన్నాడట. ఇన్నాళ్ళూ మొహమాటపడి, నేను బయటికెళ్ళడానికి ముందువారం మాస్టారికి జుట్టు కత్తిరిస్తూ సెలూనతను ఇదంతా నాకు చెప్పాడు. నన్నేమీ అనలేదు. ఒక కుర్చీ ఇనప ఊచలతో అలాగే నిలబడి ఉందని మాత్రం అన్నాడు.

నేను ముప్ఫై ఏళ్ళుగా బళ్ళకీ, కుర్చీలకీ సీట్లు కుడుతున్నాను. ఒప్పుకున్న పని ఎగ్గొట్టానన్న మాట పడలేదు. షాపు రెండో తాళంచెవి నా నడుం సంచిలోనే ఉంటుంది. ఆ గురువారం పొద్దున స్నానం చేసి, చీర మార్చుకుని, ముందు డెస్కు దగ్గర పిల్లతో "షాపుకి వెళ్తున్నానమ్మా, పనుంది, చీకటి పడేలోపు వచ్చేస్తాను" అని చెప్పాను. కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా "సరే మామ్మగారూ" అంది. గేటు దగ్గర కాపలా అతను తలుపు తీసి పట్టుకున్నాడు కూడా. దారి తెలియక పోలేదు, దొడ్డిదారిన పోలేదు. బస్సెక్కి టిక్కెట్టు కొనుక్కుని పోయాను.

మిషను మీద దుమ్ము మేట వేసి ఉంది. తుడిచి కూర్చుంటే కుడికాలు పెడలు మీద ఆనలేదు. ఎడంకాలితో కుట్టాను. ఒక అంచు వంకర పోయింది, విప్పి మళ్ళీ కుట్టాను. పక్క సైకిలు షాపతను సెలూనుకి మోసుకొచ్చి కుర్చీకి బిగించాడు.

నా అలవాటు నీకు తెలుసు. సీటు ఏదైనా సరే, నేను కూర్చుని చూడకుండా ఇవ్వను. కొత్త స్పాంజి మనిషి బరువుకి నెమ్మదిగా కుంగుతుంది. కుంగాక గాని ఎక్కడ కుట్టు లాగుతోందో, ఎక్కడ రెక్సిన్ వదులైందో తెలియదు. కదలకుండా చాలాసేపు కూర్చోవాలి. కళ్ళు మూసుకుంటే నడుముకి బాగా తెలుస్తుంది. అలా కూర్చుని ఉన్నాను. నీ తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు, వెనక నర్సు. "అమ్మా, ఎక్కడున్నావో తెలుసా" అని అరిచాడు. "ఉండరా, పనిలో ఉన్నాను" అన్నాను.

అంతే. మగవాళ్ళ సెలూన్లో, కుర్చీలో కళ్ళు మూసుకుని, పనిలో ఉన్నానంటోంది అని రాసుకున్నారు. కారులో చెప్పాను, మెట్ల మీద చెప్పాను, గదిలో చెప్పాను. చెప్పినప్పుడల్లా "అవునమ్మా, అవునవును" అన్నారు. ఈ అవునమ్మా ఉంది చూడు, దానికంటే చెంపదెబ్బ నయం. అబద్ధం చెప్పినవాళ్ళతో కనీసం వాదిస్తారు. నాతో వాదించేవాళ్ళు కూడా లేరు.

పిన్ని


విశ్రాంతి గృహం వరండా,
ఆఫీసు గది ఎదుటి బెంచీ
ఆదివారం సాయంత్రం

పిన్నీ,

నీ గదికి నలభై అడుగుల దూరంలో కూర్చుని ఇది రాస్తున్నాను. లోపలికి రావడానికి ముఖం చెల్లడం లేదు. డెస్కు పిల్లకి ఇచ్చి వెళ్తాను. ఈసారి తల ఎత్తి తీసుకునేలా చూస్తాను.

పొద్దున్నే సెలూనుకి వెళ్ళాను. నువ్వు తప్పిపోయావన్న మాట వినగానే అతనికి చిర్రెత్తుకొచ్చింది. "తప్పిపోవడమేంటండీ, సీట్లమ్మ కోసం నేను ఎదురు చూస్తుంటేనూ. వాళ్ళబ్బాయికి చెప్పబోతే నన్ను పక్కకి నెట్టి ఆవిణ్ణి లేవదీసుకుపోయాడు" అన్నాడు. చేతిలో కత్తెరుంది, కాస్త వెనక్కి జరిగి విన్నాను.

తర్వాత ఇక్కడి మేనేజరు. మంచి మనిషే, టీ ఇప్పించింది. నీ పేరు తెరిచి కంప్యూటరు నా వైపు తిప్పింది. మనిషి గదిలో లేకపోతే కారణం నొక్కాలట. అక్కడ మూడే ఉన్నాయి. డిశ్చార్జి, మరణం, ఎలోప్‌మెంట్. పనుండి బయటికెళ్ళి వచ్చేవాళ్ళకి ఏదండీ అని అడిగాను. ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మా దగ్గరుండే వాళ్ళకి బయట పనేముంటుందండీ" అంది.

పిన్నీ, నేను అరిచాను. నా జీవితంలో ఒక ఆఫీసులో నిలబడి అంత గట్టిగా అరవలేదు. మా పిన్నికి మతి సరిగా లేదని ఏ డాక్టరైనా రాశాడా అని అడిగాను. లేదంది. మరి పై అంతస్తు ఎవరి ఆలోచన? అబ్బాయిగారు అడిగారంది. ఆవిడ ఇంటికి వెళ్తానంటే ఆపగలరా? డాక్టరు అభ్యంతరం చెప్పకపోతే ఆపలేమంది. "ఆవిడ ఎప్పుడూ అడగలేదండీ" అంది. అడగొచ్చని ఆవిడకి మీలో ఎవరైనా చెప్పారా అన్నాను. టీ చల్లారిపోయింది, ఇద్దరం తాగలేదు.

అక్కణ్ణుంచి తమ్ముడింటికి వెళ్ళాను, కడిగేద్దామని. కడిగాను కూడా. అంతా విని వాడు ఒకటే చెప్పాడు. నువ్వు పడ్డ రోజు పొద్దుట్నుంచీ నేల మీదే ఉన్నావట. సాయంత్రం వాడొచ్చి తలుపు తీసేసరికి పెదాలు ఎండిపోయి, మిషను కాలు పట్టుకుని ఉన్నావట. "అక్కా, ఆ తలుపు తియ్యాలంటే నాకు చేతులు రావు. అందుకే సెలూనతనికి తియ్యలేదు" అన్నాడు. ఈ సంగతి నువ్వు నాకెప్పుడూ చెప్పలేదు. కాలు జారింది అన్నావు, అంతే.

వాడి మీద కోపం పోలేదు. భయం వాడిది, తాళం నీకా అని అడిగాను.

రేపు డాక్టరు వచ్చేసరికి నేను గేటు దగ్గరుంటాను. నిన్ను మా ఇంటికి తీసుకెళతాను. కిటికీ ఉన్న గది ఖాళీ చేశాను.

నేను


నా షాపు
సోమవారం రాత్రి

అమ్మాయ్,

గేటు దగ్గర నిన్ను చూసి కూడా మాట్లాడకుండా బస్సెక్కేశానని ఏడుస్తూ ఉంటావు. ఏడవకు. అప్పుడు మాట్లాడితే తిట్లే వచ్చేవి, గేటు దగ్గర జనం ఉన్నారు. అందుకే షాపు వెనక నా గదికి వచ్చి రాస్తున్నాను.

మీ ఇంటికి రాను. తీసుకెళతాను అన్నావు చూడు, అక్కడే నాకు మళ్ళీ కాలింది. వాడు తీసుకొచ్చాడు, నువ్వు తీసుకెళతావు. నేనేమన్నా కూరగాయల సంచీనా? ఆ కిటికీ గదికి ఎప్పుడైనా నాకు బుద్ధిపుట్టినప్పుడు వస్తాను, ఉండమన్నన్నాళ్ళు కాదు, ఉండాలనిపించినన్నాళ్ళు ఉంటాను.

డాక్టరు చిన్నవాడు. ఇవాళ ఏ వారం, వందలోంచి ఏడు తీసెయ్యండి, అందులోంచి ఇంకో ఏడు అంటూ అడిగాడు. అన్నీ చెప్పాను. చెప్పి, "నువ్వు కూర్చున్న కుర్చీకి కుడిపక్క కుట్టు విడిపోయింది బాబూ, అందుకే నువ్వు అటు వాలిపోతున్నావు" అన్నాను. లేచి చూసుకున్నాడు. పై అంతస్తు ఊసెత్తలేదు, ఇంటికి వెళ్తానంటే వెళ్ళొచ్చని సంతకం పెట్టేశాడు. పట్టీ నర్సే కత్తిరించింది. సారీ మామ్మగారూ అంది. నీకెందుకమ్మా, ఆ మాట పుట్టించినవాళ్ళు చెప్పాలి అన్నాను. వాళ్ళు ఫ్రెంచివాళ్ళో డచ్చివాళ్ళో ఇంకా తేలలేదని నువ్వు రాశావు కదా.

నీ తమ్ముడు చీకటి పడ్డాక వచ్చాడు. నా తమ్ముడు కాదు నీ కొడుకే అని నువ్వు అనాలనుకుంటే అను, ఇప్పుడు ఒప్పుకుంటాను. గడప బయటే నిలబడ్డాడు. లోపలికి రారా అంటే కళ్ళు నేల మీద, నేను పడ్డ చోట అతుక్కుపోయాయి. వాడు అన్నం తిన్నాడో లేదో కూడా అడగలేదు నేను. అంత కోపంగా ఉన్నాను. వాడు తిరిగిచ్చేద్దామని తెచ్చిన షాపు తాళంచెవి మళ్ళీ వాడి చేతిలోనే పెట్టాను. ఇది నీ దగ్గరుంచుకో, రోజూ సాయంత్రం వచ్చి తలుపు కొట్టు, నేను పలక్కపోతే అప్పుడు తియ్యి అన్నాను.

"మళ్ళీ పడితేనో" అన్నాడు. చిన్నప్పుడు చీకట్లోకి వెళ్ళమంటే వచ్చేది ఆ గొంతు.

"పడతాను రా. ఈ వయసులో పడకుండా ఉంటానని మాటివ్వలేను. పడ్డాక లేపడానికి రా. పడతానేమోనని కట్టెయ్యడానికి మాత్రం రాకు" అన్నాను.

వాడు లోపలికొచ్చి నేల మీద కూర్చుని ఏడ్చాడు. నేను ఏడవలేదు. నాకు ఇంకా కోపం తీరలేదు, మీ ఇద్దరి మీదా.

నీ పిన్ని